మీ సర్వర్‌లో మీరే ఒక సీన్ నడపాలంటే

ఆన్‌లైన్ రోల్‌ప్లే ఆటలో నేను మొదటిసారి సీన్ నడిపిన రాత్రి ఐదుగురు వచ్చారు. రెండు గంటలు గడిచేసరికి ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరిలో ఒకాయన ఫోన్ చేతిలో పట్టుకునే నిద్రపోయాడని మర్నాడు తెలిసింది. అలాగని కథ మీద నేను కష్టపడలేదని కాదు, వారం రోజులు కూర్చుని రాశాను. తప్పంతా అక్కడే ఉంది. మొత్తం నేనే రాసేసుకున్నాను కాబట్టి వచ్చినవాళ్ళకి వినడం తప్ప పనిలేకపోయింది. హరికథ చెబుతున్నట్టు నేను పాడుకుంటూ పోయాను, వాళ్ళు మధ్యమధ్యలో గోవిందలు కొట్టారు. బుర్రకథైనా కొంత నయం. పక్కనున్న వంతలు అడ్డం తగిలి ఏదో ఒకటి అడుగుతారు.

ఈ వ్యాసం డిస్కార్డ్‌లాంటి చాట్ యాప్‌లలో, సర్వర్ అనే గుంపులో చేరి టైప్ చేస్తూ ఆడే ఆర్పీ గురించి. ఆర్పీ అంటే రోల్‌ప్లే, తలా ఒక పాత్ర తీసుకుని కలిసి కథ నడపడం. సర్వర్‌ని చూసుకునే అడ్మిన్లు నడిపే పెద్ద కథ ఎలాగూ ఉంటుంది. అది కాకుండా, మామూలు ఆటగాడు ఒక సాయంత్రం నలుగురిని పోగేసి తనే నడిపే సీన్ సంగతి ఇది. పద్ధతి కొత్తదేం కాదు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ కలిసి మడ్ అనే టెక్స్ట్ ఆట తయారుచేశారు. 1989లో అదే కోవలో టైనీమడ్, దాని వెనకాలే మష్‌లు అనే టెక్స్ట్ ఆటలు వచ్చాయి. ఆ మష్‌లలో ఆటగాళ్ళు సొంతంగా సీన్లు నడపడం మామూలు విషయం, దానికి పీఆర్‌పీ (ప్లేయర్ రన్ ప్లాట్) అని పేరు కూడా ఉంది. అవసరం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. అడ్మిన్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, ఆడేవాళ్ళు డజన్ల కొద్దీ ఉంటారు. బంతిలో అందరికీ వాళ్ళిద్దరే వడ్డించలేరు.

ఉదాహరణకి ఒకే సీన్ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. 1950ల నాటి ఒక కల్పిత టౌన్ మీద నడిచే సర్వర్ అనుకోండి. సీన్ ఒక రైల్వే స్టేషన్‌లో.

మొదట ఐదు వాక్యాలు రాయండి

రాత్రి పదకొండు. కుండపోత వాన. వాగు పొంగి ప్యాసింజర్ రైలు చిన్న స్టేషన్‌లో ఆగిపోయింది. పార్సిల్ ఆఫీసులో ఉండాల్సిన ఒక పెట్టె కనపడటం లేదు. తెల్లారేసరికి నీళ్ళు తగ్గుతాయి, రైలు కదులుతుంది, పెట్టె దాంతోపాటే పోతుంది.

సీన్‌కి ఇంతకన్నా పెద్ద ప్లాట్ అక్కర్లేదు. వీటిలో ఆఖరి వాక్యం లేకపోతే మాత్రం సీన్ లేనట్టే. ఎవరూ ఏమీ చేయకుండా చేతులు కట్టుకుని కూర్చుంటే ఏం జరుగుతుందో అది చెబుతుంది, ఎప్పటిలోగా జరుగుతుందో కూడా చెబుతుంది. ఆటగాళ్ళు వచ్చి చెడగొట్టాల్సింది దాన్నే. "అందరూ హోటల్లో కలుసుకుంటారు" అనేది సీన్ కాదు, అడ్రస్. అలాంటివి పెడితే మొదటి ఇరవై నిమిషాలు కాఫీ ఆర్డర్లు నడుస్తాయి, తర్వాత ఒక్కొక్కరే పని ఉందని లేచిపోతారు.

ఆ పెట్టె ఎవరు తీశారో మీరు రాసుకోవచ్చు. దాన్ని ఎవరు ఎలా పట్టుకుంటారో మాత్రం రాసుకోకండి. ఒకే దారిలో ఆటగాళ్ళని తోసుకుపోవడాన్ని ఆర్పీ వాళ్ళు రైల్‌రోడింగ్ అంటారు. నా ఉదాహరణ రైలుదే కావడం కాకతాళీయం.

అడ్మిన్‌ని ఎప్పుడు అడగాలి

చాలా సర్వర్లలో చిన్న సీన్లకి అనుమతి అక్కర్లేదు, ముందు రూల్స్ ఛానెల్ చదవండి. సర్వర్‌లో అందరికీ చెందిన చోటు తగలబడుతున్నా, పేరున్న పాత్ర చస్తున్నా, ఎవరికైనా డబ్బో ఆయుధమో అధికారమో దక్కుతున్నా, పెద్ద కథలోని రహస్యం బయటపడుతున్నా అడగకుండా మొదలుపెట్టొద్దు. అడిగేటప్పుడు నవల పంపకండి. ఆ ఐదు వాక్యాలు పెట్టి, కింద ఇలా రాస్తే చాలు: "సీన్ అయ్యాక స్టేషన్ ఇప్పుడున్నట్టే ఉంటుంది. స్టేషన్ మాస్టర్ పాత్రని వాడుకుంటున్నాను, ఆయనకేమీ కాదు. పెట్టెలో ఏముందనేది పెద్ద కథకి తగిలితే చెప్పండి, మార్చుకుంటాను." మీరు వాడుకుంటున్నది పక్కింటి నుంచి తెచ్చుకున్న గిన్నెలాంటిది, తోమి ఇచ్చేస్తారన్న నమ్మకం వాళ్ళకి కలగాలి.

ఇక్కడే ఇంకో మాట. మీ సొంత క్యారెక్టర్‌ని ఆ రాత్రికి ఊళ్ళో లేకుండా చేయండి. జ్వరమొచ్చి పడుకున్నాడనండి, అత్తారింటికి వెళ్ళాడనండి. సీన్ నడిపేవాడికి జవాబులన్నీ తెలుసు కాబట్టి, అతని హీరో అదే సీన్‌లో ఉంటే ఎంత నిజాయితీగా ఆడినా మిగతావాళ్ళకి అనుమానం మిగులుతుంది. పైగా పెట్టె దొరికినందుకు వచ్చే బహుమానం మీ క్యారెక్టర్ జేబులోకే వెళ్ళిందంటే ఆ సర్వర్‌లో మీ రెండో సీన్‌కి మనుషులు దొరకరు. తప్పనిసరిగా ఉండాల్సి వస్తే లాంతరు పట్టుకుని మూల నిలబెట్టండి.

ప్రకటనలో ఏం పెట్టాలి

తేదీ, టైమ్, ఎంతమంది, ఎంతసేపు, ఎలాంటి సీన్, గెలుపోటములు తేల్చే డైస్ ఉందా లేదా, ఏ భాష. నా లెక్కలో నలుగురు సుఖం, ఐదుగురు పరవాలేదు, ఆరో మనిషి వస్తే కిందామీదా పడతారు. వస్తామన్నవాళ్ళలో ఒకరు రారు, అది రాసిపెట్టుకోండి. అందుకే నేను ఐదుగురిని పిలిచి నలుగురికి సరిపడా సిద్ధమవుతాను.

టైమ్ దగ్గర తెలుగు సర్వర్లకి ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. సగం మంది హైదరాబాద్, విజయవాడ వైపు ఉంటారు, మిగతా సగం డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. మనకి శనివారం రాత్రి ఎనిమిది అయితే డల్లాస్‌లో వేసవిలో పొద్దున తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. అక్కడ మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు మారుస్తారు. ఆ వారాల్లో గంట ముందో గంట వెనకో రావడం ప్రతి ఏడూ చూస్తున్నదే. డిస్కార్డ్‌లో టైమ్‌స్టాంప్ వాడితే చూసేవాళ్ళకి వాళ్ళ లోకల్ టైమే కనపడుతుంది. "రాత్రి ఎనిమిదికి" అని వట్టిగా రాసి, ఎవరి రాత్రి అని వాళ్ళు అడిగేదాకా ఉండటమెందుకు?

భాష సంగతి ముందే తేల్చండి. తెలుగు లిపిలోనా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగా, కలిపేసి కొట్టొచ్చా? లిపిలో కొట్టడం కొందరికి నెమ్మది. వాళ్ళని తొందరపెడితే మానేస్తారు. నా సీన్లలో ఎవరికి వీలైనట్టు వాళ్ళు, ఆడినదంతా లాగ్‌గా దాచుకునేటప్పుడు మాత్రం లిపిలోకి మార్చుకుంటాం.

హద్దులు ముందే అడగండి

ఈ భాగం బోరు అనిపించి దాటేసేవాళ్ళు ఎక్కువ. గొడవలు ఎక్కువగా పుట్టేదీ ఇక్కడే.

రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆటల రచయిత రెండు మాటలు వాడుకలోకి తెచ్చారు, గీత, తెర అని. ఫలానాది ఈ సీన్‌లోకి అసలు రాకూడదంటే అది గీత. జరిగితే జరగనీ కానీ వర్ణించొద్దు, తెర దించేయండి అంటే అది తెర. వచ్చేవాళ్ళని ఒక్కొక్కరినీ డీఎమ్‌లో, అంటే ప్రైవేటు మెసేజ్‌లో, అడగండి, కారణం అడక్కండి. దానికి తోడు జాన్ స్టావ్రోపౌలోస్ ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్ కార్డ్ ఉంది. ఎవరైనా ఛానెల్‌లో ఒక్క ఎక్స్ కొడితే, అప్పుడు నడుస్తున్న ముక్క అక్కడితో ఆగుతుంది, మార్చేసి ముందుకెళ్తారు. ఎందుకని ఎవరూ అడగరు.

దీని అవసరం నాకు ఉప్పెన సీన్ ఒకటి అనుకున్నప్పుడు తెలిసింది. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనని వెనక పెట్టుకుని కథ అల్లుదామనుకున్నాను, వాతావరణం భలే ఉంటుందని. డీఎమ్‌లో అడిగితే ఒకావిడ "మా అమ్మమ్మ వాళ్ళ ఊరు అక్కడే" అని మాత్రం రాశారు. ఇంకేం అడగలేదు, వాగు వాగులాగే ఉండనిచ్చాను. మనకి చరిత్ర అనిపించేది ఇంకొకరి ఇంట్లో దండ వేసిన ఫోటో అయి ఉండొచ్చు.

కులం పేరు పెట్టి తిట్టడం, ఒక యాసని ఎగతాళికి వాడటం, బతికున్న నాయకుల్నీ హీరోల్నీ పాత్రలుగా దింపడం నేను గీతకి అవతలే పెడతాను, ఎవరూ అడగకపోయినా. పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళు ఉన్న సర్వర్‌లో శృంగారం సీన్ మాట ఎత్తొద్దు, అక్కడ తెర సరిపోదు.

ఇంకొకటి మన భాషలోనే ఉంది. సీన్‌లో జమీందారు పాత్ర గుమాస్తాని "ఒరేయ్" అంటుంది, అనాలి కూడా. ఆ గుమాస్తాగా ఆడుతున్నది మీకన్నా పదేళ్ళు పెద్దావిడ కావచ్చు. పాత్ర మాట పాత్రదని అందరికీ తెలిసినా కాస్త గుచ్చుకుంటుంది. అందుకే పాత్రగా మాట్లాడేది ఒక ఛానెల్‌లో, మామూలుగా మాట్లాడుకునేది ఇంకో ఛానెల్‌లో ఉంచండి. రెండో దాంట్లో గారు, అండీ తప్పకుండా రాయండి. "ఇందాక తిట్టు బాగా పడిందాండీ?" అని ఒక్క ముక్క అక్కడ వేస్తే మనసు తేలికపడుతుంది.

అర పేజీ నోట్సు

మీ దగ్గర ఉండాల్సింది అర పేజీ. ముగ్గురు మనుషులు, వాళ్ళకి తలా ఒక కోరిక. స్టేషన్ మాస్టర్ డ్యూటీలో కునుకు తీసిన సంగతి బయటికి రాకూడదు. పార్సిల్ గుమాస్తా పెట్టెని ఎవరికో ఇస్తానని మాటిచ్చేశాడు. టీ కొట్టు ముసలమ్మకి గార్డు దగ్గర పాత బాకీ రావాలి. ఇలా కోరిక తెలిస్తే, ఆటగాడు వాళ్ళని ఊహించని ప్రశ్న అడిగినా జవాబు దానంతటదే వస్తుంది. వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు రాసుకోకండి, ఎవరూ అడగరు.

దాని కింద ఆనవాళ్ళు. జస్టిన్ అలెగ్జాండర్ అనే గేమ్ డిజైనర్ చెప్పిన మూడు ఆనవాళ్ళ సూత్రం నాకు చాలా రాత్రులు పరువు కాపాడింది. ఆటగాళ్ళు ఏ విషయమైనా కనిపెట్టాలంటే దాని వైపు చూపించే ఆనవాళ్ళు కనీసం మూడు పెట్టాలి. ఒకటి వాళ్ళ కంట పడదు, ఇంకోదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది పనిచేస్తుంది. మన పెట్టె గార్డు బోగీలో ఉంది. పార్సిల్ ఆఫీసు గడప దగ్గర మొదలైన బురద అడుగులు రైలు తోక వైపు వెళ్తాయి. రిజిస్టర్‌లో ఒక పేజీ చింపేసి ఉంది, కింది పేజీ మీద పెన్సిల్ ఒత్తు మిగిలింది. పదిన్నరకి గార్డు రెండు టీలు పట్టుకెళ్ళాడని ముసలమ్మ చెబుతుంది, గార్డు బోగీలో ఉండాల్సింది ఒక్కడే. ఈ మూడింట్లో ఏదీ డైస్ వెనక దాచకండి. వెతికినవాళ్ళకి దొరకాలి.

పెట్టెలో ఏముందో? నేను ఖాతా పుస్తకం అనుకున్నాను. సీన్ నడుస్తుండగా ఒక ఆటగాడి పాత్ర "ఇంత బరువుందంటే గుళ్ళో గంట గానీ కాదు కదా" అంది. నా పుస్తకాన్ని అక్కడే చించి పారేశాను. పెట్టెలో గంటే ఉంది. తన అనుమానం నిజమైందని ఆ మనిషి ఇప్పటికీ చెప్పుకుంటాడు, నేను దిద్దలేదు.

ఆ రాత్రి

సీన్ కోసం విడిగా థ్రెడ్ తెరవండి, అంటే ఛానెల్‌లోనే ఆ ఒక్క సంభాషణకి వేరే చోటు. ఒకరు తన వంతులో రాసి పెట్టే ముక్కని పోజ్ అంటారు. మొదటి పోజ్ ఎనిమిది పది వాక్యాలు దాటనివ్వొద్దు. డిస్కార్డ్ మామూలు అకౌంట్‌కి ఒక మెసేజ్‌లో 2,000 అక్షరాల దాకా పట్టనిస్తుంది కదాని అంతా నింపకండి. చెవికి ఒకటి, ముక్కుకి ఒకటి, కంటికి ఒకటి: రేకుల మీద వాన చప్పుడు, తడిసిన గోనె సంచుల వాసన, తలుపు తీసి ఉన్న పార్సిల్ ఆఫీసు. ఆఖరి వాక్యంలో ఎవరో ఒకరు ఆటగాళ్ళని ఏదో ఒకటి అడగాలి. "బాబూ, మీలో ఎవరైనా ఇటు ఒక పెట్టె పోవడం చూశారా?" అని గుమాస్తా లాంతరు ఎత్తి పట్టుకున్నాడనుకోండి, జవాబు చెప్పక తప్పదు. వర్ణనతో ఆపేస్తే మాత్రం అందరూ గోడకి ఆనుకుని సిగరెట్టు వెలిగిస్తారు. నన్ను నమ్మండి, ఐదుగురూ ఒకే రాత్రి సిగరెట్టు వెలిగించడం చూశాను.

ఇప్పుడు గడియారం లెక్క. ఒక పోజ్ ఆలోచించి కొట్టడానికి ఐదు నిమిషాలు. ఐదుగురు ఆటగాళ్ళు, మీరు, మొత్తం ఆరుగురు. వరసలో ఆడితే ఒక్క చుట్టుకి అరగంట. మూడు గంటల సీన్ అంటే ఆరే ఆరు చుట్లు! మొదటిది పరిచయానికి పోతుంది, ఆఖరిది ముగింపుకి, మధ్యలో మీకు మిగిలేది నాలుగు. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే ఆ మొదటి సీన్‌కి నేను పదకొండు మలుపులు రాసుకునేవాణ్ణి కాదు. రెండు మలుపులు చాలు.

కచ్చితమైన వరస బదులు మష్‌ల కాలం నుంచి ఉన్న మూడు పోజుల పద్ధతి వాడొచ్చు. మీరు రాశాక వేరేవాళ్ళవి మూడు పోజులు పడితే మళ్ళీ మీ వంతు వచ్చినట్టే. నెమ్మదిగా కొట్టేవాళ్ళ కోసం అందరూ ఆగనక్కర్లేదు, వేగంగా కొట్టేవాళ్ళు సీన్ మింగేయరు కూడా. కొట్లాట మొదలైతే మాత్రం వరస తప్పదు.

ఒకరిద్దరు ఏమీ రాయకుండా ఉండిపోతారు. "మీరూ రాయండి" అని పింగ్ చేస్తే ఇంకా ముడుచుకుంటారు. సీన్‌లోంచే పిలవండి. ముసలమ్మ సరిగ్గా వాళ్ళ పాత్ర దగ్గరికే వచ్చి చెవిలో ఏదో చెప్పాలి. ఇప్పుడు మిగతావాళ్ళకి తెలియనిది వాళ్ళకి తెలుసు, కాబట్టి అందరూ వాళ్ళనే అడుగుతారు.

ఎక్కువ చేసేవాళ్ళతో వేరే చిక్కు. "రమణ గుద్దాడు, గార్డు పళ్ళు రాలిపోయాయి" అని రాస్తే అది పవర్‌గేమింగ్, ఎదుటి మనిషికి ఏం జరిగిందో కూడా తనే తేల్చేశాడు. "రమణ గార్డు దవడ మీదికి పిడికిలి విసిరాడు" దగ్గర ఆగాలి. అందరి ముందు క్లాసు పీకకండి. డీఎమ్‌లో "పిడికిలి మీది, దవడ నాది, కాస్త మార్చరా" అంటే నూటికి తొంభై మంది నవ్వి మారుస్తారు. వేరే థ్రెడ్‌లో చదివింది తన పాత్రకి తెలిసినట్టు ఆడటం మెటాగేమింగ్. సామాన్యంగా అది కుట్ర కాదు, మర్చిపోవడం. "మీ పాత్ర అప్పుడు ప్లాట్‌ఫామ్ మీద ఉందండీ" అని గుర్తుచేయడమే మందు.

డైస్ ఎప్పుడు వేయించాలి? గెలిచినా ఓడినా కథ కదులుతుందనుకున్నప్పుడే. రెండు పాచికలు వేసి కలిపితే 36 రకాలుగా పడొచ్చు. వాటిలో ఆరు, అంతకు తక్కువ వచ్చేవి 15. ఏడు నుంచి తొమ్మిది వచ్చేవి 15. పది, ఆ పైన వచ్చేవి ఆరే. పది నుంచి గెలుపనుకుంటే, శుభ్రమైన గెలుపు ఆరింట్లో ఒకసారి మాత్రమే. మధ్యలోవాటికి "అయింది, కానీ" అని రాయండి: తాళం తీశాడు, కానీ బోగీలో లాంతరు వెలిగింది. కింద పడితే "కాలేదు, పైగా": తాళంలో కడ్డీ విరిగింది, ఎవరో వస్తున్నారు. "తాళం రాలేదు" అని మాత్రం ఎప్పుడూ ఆపొద్దు.

మీరు అనుకోనిది ఎవరో చేస్తారు. పెట్టె వెతకడం మానేసి ఇంజన్ డ్రైవర్‌తో స్నేహం చేసి రైలునే కదలనివ్వకుండా చేస్తారు. నోట్సు పక్కన పడేయండి, ఆ డ్రైవర్‌కి అప్పటికప్పుడు ఒక కోరిక ఇవ్వండి. అసలు సీన్ అక్కడే మొదలవుతుంది. నెట్ పోయిందనో, పిల్లాడు లేచాడనో ఎవరైనా మధ్యలో వెళ్ళాల్సి వస్తే వాళ్ళ పాత్రని వెయిటింగ్ రూమ్‌లో కునుకు తీయించండి. వాళ్ళు లేనప్పుడు ఆ పాత్రకి దెబ్బ తగలకూడదు, మాట తూలకూడదు.

ఆపడం, ఆ తర్వాత

చెప్పిన టైమ్‌కి గంట ముందు, ఛానెల్‌లో "ఇంకో రెండు చుట్లే" అని రాసేయండి. వరద తగ్గింది, సిగ్నల్ పడింది, ఇంజన్ కూత వేసింది. పెట్టె దొరక్కపోయినా పరవాలేదు, రైలుతో వెళ్ళిపోనివ్వండి. "రేపు కంటిన్యూ చేద్దాం" అన్న సీన్లలో మర్నాడు అయిదుగురూ దొరికినవి నా అనుభవంలో లేవు.

అయ్యాక పది నిమిషాలు పాత్రలు వదిలేసి మాట్లాడుకోండి. ఎవరికి ఏది నచ్చింది, ఎక్కడ విసుగొచ్చింది అని అడగండి. విమర్శ వస్తే వివరణ మొదలుపెట్టకండి. నాకు ఈ అలవాటు ఇంకా పూర్తిగా రాలేదు, అది వేరే సంగతి.

మర్నాడు లాగ్ పెట్టండి. డిస్కార్డ్ థ్రెడ్ కొంతకాలం కదలిక లేకపోతే ఆర్కైవ్‌లోకి వెళ్ళిపోతుంది, కొత్తగా వచ్చినవాళ్ళకి కనపడదు. అందుకే నాలుగు వాక్యాల సారాంశం రాసి, లింక్‌తో సీన్ల ఛానెల్‌లో వేయండి. లాగ్‌లో ఓఓసీ కబుర్లు, అంటే పాత్రల బయట మాట్లాడుకున్నవి, తీసేయండి, తెర వెనక జరిగినవి తెర వెనకే ఉంచండి. బయటెక్కడైనా పెట్టాలనుకుంటే ఆడినవాళ్ళందరినీ అడగండి, ఒక్కరు వద్దన్నా వద్దు.

చివరగా అడ్మిన్‌కి ఒక మెసేజ్. ఏం జరిగిందో కాదు, అది లాగ్‌లో ఉంది. ఏం మిగిలిందో చెప్పండి: గంట ఇప్పుడు స్టేషన్ మాస్టర్ క్వార్టర్స్‌లో ఉంది, గార్డు పరారీలో ఉన్నాడు, పెట్టె తాళంచెవి రమణ జేబులోనే ఉండిపోయింది. రమణగా ఆడినాయనకి ఆ సంగతి గుర్తుందో లేదో, ఒకసారి అడిగి రండి.